రేడియో ఫోన్ ఇన్‌కి లైన్ దొరకట్లేదు, అసలు అవతల ఫోన్ ఎత్తేదెవరు?

కొబ్బరిపీచు (శనివారం, రాత్రి 8:40)

అందరికీ నమస్కారమండి. మూడు వారాల నుంచి రేడియోలో రైతుల ఫోన్ ఇన్‌కి ట్రై చేత్తన్నాను. మొదలవ్వగానే కొడితే ఎంగేజ్, మధ్యలో కొడితే ఎంగేజ్, ఆఖర్లో కొడితే మోగుద్ది గానీ ఎవరూ ఎత్తరు, ఎత్తేసరికి "ఈరోజుకి సమయం అయిపోయిందండి, వచ్చేవారం చేయండి" అంటారు. మాది అంబాజీపేట దగ్గర. మూడేళ్ళ కొబ్బరి మొక్కలు 22 ఉన్నాయి, మొవ్వాకు, అదే నడిమి లేత ఆకు, విచ్చుకునేసరికి ఎవరో కత్తెరెట్టి కత్తిరించినట్టు వస్తంది, రెండు మొక్కలకి మొవ్వే వాలిపోయింది. ఫోటో తీసి ఒక యూట్యూబ్ చానెలాయనకి పంపితే చూశాడో లేదో గానీ మందు డబ్బా ఫోటో, కొనే లింకు మాత్రం నిమిషంలో వచ్చేశాయి. మా నాన్నేమో "రేడియోలో సైంటిస్టు చెప్తేనే మందు, లేకపోతే లేదు" అని మంచం మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని కూర్చున్నాడు.

లైన్ దొరకటానికి ట్రిక్కేమైనా ఉందా? అసలు లోపల ఎంతమంది ఉంటారు, ఫోన్ ఎత్తేది అనౌన్సరేనా?

దాళ్వా మామ (రాత్రి 8:52)

అబ్బాయ్, అందరూ ప్రోగ్రాం మొదలయ్యాకే కొడతారు, అదే తప్పు. పావుగంట ముందు కొట్టి చూడు. నేను రెండుసార్లు దొరికించుకున్నా, రెండుసార్లూ ముందే ఎత్తారు, పేరు ఊరు రాసుకుని పెట్టెయ్యమని మళ్ళీ వాళ్ళే చేశారు. ఎత్తింది మాత్రం అనౌన్సర్ కాదు, వేరే గొంతు.

ఇంకోటి, నీ రేడియో కట్టెయ్. మా తోడల్లుడు రేడియో పక్కనే పెట్టుకుని మాట్లాడితే కుయ్ఁమని ఒకటే కూత, ఊరంతా విన్నారు. ఇప్పటికీ రచ్చబండ దగ్గర ఆయన్ని చూస్తే కూతేస్తారు.

వైఫై వీరుడు (రాత్రి 9:05)

గురూ ఇంకా రేడియో ఏంటి. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే పది మంది చెప్తారు. అక్కడ ఫోన్లో నోటితో చెప్పాలి, ఆయన చూడకుండా చెప్పాలి. గుడ్డివాడికి ఏనుగును వర్ణించినట్టు.

దాళ్వా మామ (రాత్రి 9:09)

పది మంది పది మందులు చెప్తారు, ఆయ్.

క్యాజువల్ 6 (రాత్రి 10:31)

ఈ ప్రశ్న చూసి చాన్నాళ్ళకి లాగిన్ అయ్యాను. ఒకప్పుడు ఒక రేడియో స్టేషన్‌లో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను, ఏ స్టేషనో ఏ సంవత్సరాలో అడక్కండి. క్యాజువల్ అంటే నెలకి 6 డ్యూటీలు, అంతకు మించి ఇవ్వరు, డ్యూటీకి ఇంతని లెక్క. మిగతా రోజులు ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. పెళ్ళిచూపుల్లో మాత్రం "అమ్మాయి రేడియోలో పనిచేస్తంది" అని మా అమ్మ చెప్పేది, 6 డ్యూటీల సంగతి ఎత్తేది కాదు.

లోపల ఎలా ఉంటుందంటే, రెండు తలుపులు దాటి స్టూడియోలోకి వెళ్ళాలి, రెండో తలుపు మొదటిది మూసుకున్నాకే తియ్యాలి, లేకపోతే వరండాలో చెప్పుల చప్పుడు కూడా గాల్లోకి పోతుంది. అద్దానికి ఇవతల నేను, నా పక్కన ఆ వారం వచ్చిన నిపుణుడు. వరి అయితే మార్టేరు పరిశోధన స్థానం నుంచి, కొబ్బరి అయితే మీ అంబాజీపేట నుంచే పిలిచేవాళ్ళు. అద్దానికి అవతల కంట్రోల్ రూంలో ఇంజనీరింగ్ ఆయన. ఇంకో గదిలో డ్యూటీ ఆఫీసర్, ఆయన పని అంతా వింటూ ఎన్ని సెకన్లు ఖాళీ పోయిందో, ఏది తప్పు వెళ్ళిందో రిపోర్టులో రాయటం, అందుకే ఆయనంటే మాకు పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ లెక్క. ప్రోగ్రాం మొత్తానికి బాధ్యుడు ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్, నిపుణుణ్ణి పిలవటం, కారు పంపటం, ఆయన చివరి నిమిషంలో రానంటే ఇంకొకర్ని వెతకటం ఆయన నెత్తిమీదే.

ఇక మీరు అడిగిన మనిషి. ఫోన్ ఎత్తే మనిషి. మా దగ్గర ఆయన్ని అందరం బాబాయి అనేవాళ్ళం. స్టూడియో బయట ఒక చిన్న బల్ల, రెండు లైన్లు, వాడేసిన కాగితాలు వెనక్కి తిప్పి ముక్కలు కోసుకున్న కట్ట, ఒక రీఫిల్ పెన్ను. మీకు నా గొంతు వినపడేలోపు మీరు బాబాయిని దాటాలి. ఆయనేం చేసేవాడో ఒక్కటి చెప్తాను.

ఒకరోజు ఉండి దగ్గర్నుంచి ఒక రైతు చేశాడు. వరి పొలం మధ్యలో గుండ్రంగా కాలిపోయినట్టు అయిపోయింది, ఎవరో పగబట్టి గడ్డిమందు కొట్టారు, పేరు కూడా చెప్తా, రేడియోలో చెప్పెయ్యాలి అని ఒకటే ఆవేశం. బాబాయి పేరు చెప్పనివ్వలేదు, కోప్పడనూ లేదు. "గుండ్రం పెరుగుతుందా, అంతే ఉందా?" అన్నాడు. పెరుగుతుందన్నాడు. "దుబ్బు మొదట్లో చెయ్యి పెట్టి తడితే నీళ్ళ మీద ఏమన్నా రాలినయ్యా?" చూడలేదన్నాడు. "గట్టు మీదే ఉన్నారు కదా, ఫోన్ జేబులో పెట్టుకుని చూసి రండి, లైన్ కట్టెయ్యను" అన్నాడు. ఫోన్లో ఛప్ ఛప్ మని బురదలో నడిచే చప్పుడు, తర్వాత కాసేపు ఏమీ లేదు, తర్వాత ఆ రైతు గొంతు పూర్తిగా మారిపోయి "దోమండి బాబూ, చెయ్యంతా దోమ" అన్నాడు.

నా చేతికి వచ్చిన చీటీలో ఏముందంటే: ఉండి, వరి, 3 ఎకరాలు, సుడిదోమ, ఏం చెయ్యాలి. అంతే. సుడిదోమంటే దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు, అది పట్టినచోట పైరు గుండ్రంగా ఎండిపోతుంది. నిపుణుడు నీళ్ళు తియ్యమన్నారు, యూరియా ఆపమన్నారు, మందు పైపైన కాదు దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టమన్నారు, వచ్చే పంటకి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. విన్నవాళ్ళు నిపుణుడు ఎంత టకటకా చెప్పారో అనుకుని ఉంటారు. గడ్డిమందు గొడవ పక్కింటాయన మెడకి చుట్టుకోకుండా ఆగింది ఆ బల్ల దగ్గరని ఎవరికీ తెలీదు.

వైఫై వీరుడు గారూ, గుడ్డివాడు ఏనుగు అన్నారు కదా, అవతలివాడికి కనపడదు నిజమే. అందుకే ఇవతలివాడి చేత చూపించేవాడు.

వైఫై వీరుడు (రాత్రి 10:44)

సరే అక్కా, ఒక పాయింట్ మీకు.

పంటురేవు (రాత్రి 11:02)

బాబాయి ఇప్పుడు ఉన్నారా అక్కా

క్యాజువల్ 6 (రాత్రి 11:10)

నేను మానేసేనాటికి ఉన్నాడు. తర్వాత తెలీదు. ఒక విషయం, ప్రోగ్రాం ఆఖర్లో "సమర్పణ ఫలానా, సాంకేతిక సహకారం ఫలానా" అని చదివేదాన్ని నేనే, ఆ కాగితంలో బాబాయి పేరు ఎప్పుడూ ఉండేది కాదు. ఒకసారి అడిగాను, మీ పేరు కూడా చదవనా అని. "ఫోన్ ఎత్తినోడి పేరు కూడానా, ఆ టైములో ఇంకో కాల్ తీసుకో" అన్నాడు.

మురుగుకాలవ (ఆదివారం, ఉదయం 6:15)

అంతా బాగానే చెప్తన్నారు గానీ నా అనుభవం వేరు. నేనూ ఒక స్టేషన్‌కి చేశాను, పేరెందుకులెండి. మా ఊరి మురుగు కాలవలో గుర్రపుడెక్క పేరుకుపోయి నీళ్ళు లాగక సార్వా నారు మూడుసార్లు పోసుకున్నాం. అదే మొదలెట్టాను, ఫలానా ఆఫీసు వాళ్ళు పూడిక తీశామని బిల్లు పెట్టుకున్నారు అనేసరికి "మీ ప్రశ్న అర్థమైందండి, ధన్యవాదాలు" అని కట్. అర్థమైంది ఏంటండీ, నేను ప్రశ్నే అడగలేదు ఇంకా! తర్వాత నిపుణుడుగారు నారు మునిగితే ఏం చెయ్యాలో చెప్పారు. నీళ్ళు తీసెయ్యాలట. తియ్యటానికి కాలవ ఉంటే కదా.

2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా వెయ్యటమే మానేశారు, దానికీ మురుగు నీళ్ళ బాధ ఒక కారణం. ఎరువు ఎంత వెయ్యాలో చెప్పే రేడియో, కాలవ ఎందుకు పారట్లేదో చెప్పదు.

దాళ్వా మామ (ఉదయం 6:40)

ఇది నిజం. సర్కారీ రేడియో అంతే.

క్యాజువల్ 6 (ఉదయం 9:20)

మురుగుకాలవ గారూ, మీది న్యాయమైన కోపం, కాదనను. అవతలి వైపు సంగతి కూడా వినండి. మేము వెళ్ళేది లైవ్. మీరన్న మాట గాల్లోకి పోయాక వెనక్కి తీసుకోలేం. ఒక ఆఫీసు పేరో మనిషి పేరో చెప్పి డబ్బు తిన్నారంటే, అవతలివాళ్ళు అక్కడ లేరు జవాబు చెప్పటానికి, అది నిజమో కాదో నాకు ఆ క్షణంలో తెలీదు. ఫేడర్ (గొంతు పెంచే, తగ్గించే మీట) మీద వేలు దానంతటదే కిందకి పోతుంది. నాకు చెప్పిన పాఠం, ముందు ఫేడర్, తర్వాత ధన్యవాదాలు.

కానీ భయం కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి 1997లో వచ్చింది, చట్టం అంతకు ముందే 1990లో చేశారు, కాగితం మీద స్వతంత్ర సంస్థ. క్యాజువల్‌కి ఏ స్వతంత్రం ఉంటుంది, వచ్చే నెల 6 డ్యూటీలు పడతాయో లేదో అన్నదే ఆలోచన. మీలాంటి కాల్స్‌లో పేరు దగ్గర ఆపి, సమస్య వరకు ఉంచి, కాలువల శాఖ అధికారిని ఇంకో వారం స్టూడియోకి పిలిస్తే బాగుండేది. మా దగ్గర ఒక్కసారి పిలిచారు. ఆరోజు వచ్చినన్ని కాల్స్ ఎప్పుడూ రాలేదు, ఆ అధికారి చెమట తుడుచుకుంటానే కూర్చున్నాడు, ఏసీ గదిలో. తర్వాత మళ్ళీ ఆయన రాలేదు.

మురుగుకాలవ (ఉదయం 9:41)

ఏసీ గదిలో చెమట అన్నారు చూడండి, దానికి నా కోపం సగం పోయింది.

నాలుగు సెల్స్ (ఉదయం 10:15)

నా వయసు 74. మీరంతా ఫోన్ ఇన్ అంటున్నారు గానీ ఈ అడగటం, చెప్పటం అన్నది ఫోన్‌తో మొదలవలేదు బాబూ. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అంతకు ముందు మనకి తెలుగు అంటే మద్రాసు నుంచే, అది 1938. విజయవాడ వచ్చాక మన గోదావరి మనుషులు ఆ స్టేషన్‌ని ఏలేశారంటే ఏలేశారు. బాలాంత్రపు రజనీకాంతరావు గారిది నిడదవోలు, ఆయన చేసిన భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని తెల్లారగట్ట వస్తుంటే మా ఊళ్ళో కాఫీ హోటల్‌ పొయ్యి, రేడియో ఒకేసారి వెలిగేవి. ఆయన 2018లో పోయారు, 98 ఏళ్ళు. ఉషశ్రీ గారిది కాకరపర్రు. ధర్మసందేహాలు అని కార్యక్రమం, జనం కార్డు ముక్క మీద సందేహం రాసి పంపటం, ఆయన జవాబు చెప్పటం. ఆ రోజుల్లో మా ఊళ్ళో రేడియో ఉన్న ఇల్లు మూడు, దానికి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. పంచాయతీ వాళ్ళది ఒక రేడియో, దానికి బాకా తగిలించి ఉండేది.

మా పెద్దనాన్న కార్డు రాశాడు. ఏం రాశాడో ఎవరికీ చెప్పలేదు. నాలుగు వారాలు అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టుకుని విన్నాడు. అయిదో వారం చదివారు, అల్లుడు ఇంట్లోనే ఉండిపోతే ధర్మమా అని. అల్లుడుగారు అక్కడే కూర్చుని ఉన్నాడు.

కార్డుకి ఈ సుఖం ఉండేది, అడిగినవాడు జవాబు వచ్చేవరకు దాక్కోవచ్చు. ఫోన్‌లో నోరు తెరవగానే గొంతు పట్టేస్తారు.

పంటురేవు (ఉదయం 10:22)

తాతగారూ అల్లుడు ఉన్నాడా వెళ్ళాడా

నాలుగు సెల్స్ (ఉదయం 10:58)

ఆ అల్లుణ్ణి నేను కాదులే. ఆయన ఉండిపోయాడు. ఆస్తి కూడా రాసిచ్చారు.

సోల్డరింగ్ ఐరన్ (మధ్యాహ్నం 1:30)

కాల్ క్వాలిటీ గురించి నా వంతు. 19 ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తన్నా, ఇప్పుడు బల్బులు, మిక్సీలే ఎక్కువ అనుకోండి.

కొబ్బరిపీచు తమ్ముడూ, దాళ్వా మామ చెప్పిన కూత ఎందుకొస్తుందంటే నీ గొంతు స్టూడియోకి పోయి, ట్రాన్స్‌మిటర్‌కి పోయి, నీ రేడియోలోంచి వచ్చి, మళ్ళీ నీ ఫోన్లో దూరుతుంది, తిరిగి తిరిగి కూతవుతుంది. ఇప్పుడు కొత్త తంటా ఇంకోటి. కొందరు రేడియో కాకుండా యాప్‌లో వింటా ఫోన్ చేస్తన్నారు. యాప్‌లో గొంతు కొన్ని సెకన్లు వెనక వస్తుంది. మనోడు "నమస్కారమండి" అంటాడు, అవతల "చెప్పండి" అంటారు, ఈలోగా యాప్‌లోంచి తన నమస్కారమే తనకి వినపడి ఇంకెవరో మాట్లాడుతున్నారనుకుని ఆగిపోతాడు. "చెప్పండి, చెప్పండి" అని అనౌన్సర్, "మీరు చెప్పండి" అని ఈయన. ఒకరోజు ఇలా చాలాసేపు నడిచింది, నేను షాపులో టీ పొరబోయి దగ్గాను.

రేడియో సరిగ్గా రావట్లేదనే వాళ్ళకి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్, మీడియం వేవ్. స్మార్ట్ ఫోన్లో మీడియం వేవ్ రాదు, ఎంత వెతికినా రాదు, కొన్నిట్లో ఎఫ్ఎం ఒక్కటే ఉంటుంది. ట్రాన్సిస్టర్లో గరగరమంటే ముందు ఎల్ఈడీ బల్బు ఆర్పి చూడండి, చవక బల్బు, ఇన్వర్టర్, సెల్ చార్జర్ ఈ మూడూ మీడియం వేవ్‌కి శని. తర్వాత సెట్టుని అట్టే, ఉన్నచోటే చుట్టూ తిప్పండి. లోపల నల్లటి ఫెరైట్ కడ్డీ ఉంటుంది, దాని మీదే చుట్ట. కడ్డీ మొన స్టేషన్ వైపు ఉంటే గొంతు చిక్కిపోతుంది, అడ్డంగా పడితే నిండుగా వస్తుంది. మా దగ్గరకి "సెట్టు పాడైపోయింది" అని తెచ్చినవాటిలో సగం తిప్పి ఇచ్చినవే. మొదట్లో అయిదు రూపాయలు తీసుకునేవాణ్ణి, తర్వాత సిగ్గేసి మానేశా.

రాత్రయితే వేరే ఊళ్ళ స్టేషన్లు వచ్చి మీద పడతాయి, పగలు భూమి వెంట మాత్రమే వచ్చే తరంగం రాత్రి పైన ఆకాశంలో తగిలి కూడా దిగుతుంది, దూరపువన్నీ వినపడతాయి. అది సెట్టు తప్పు కాదు.

మల్లెపందిరి (మధ్యాహ్నం 3:12)

ఒక్కటి అడగాలని ఉంది. ఈ రైతుల ఫోన్ ఇన్‌లో ఆడవాళ్ళ గొంతు ఎందుకు వినపడదు? మా ఊళ్ళో ఊడ్పులకీ కలుపుకీ వెళ్ళేదంతా ఆడవాళ్ళే, తెగులు ముందు చూసేది వాళ్ళే. నేనొకసారి చేశాను, పెరట్లో దొండపాదు గురించి. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు గానీ "ఇంట్లో మగవాళ్ళున్నారామ్మా" అన్నాడు. దొండపాదుకి మగవాళ్ళెందుకండీ?

క్యాజువల్ 6 (మధ్యాహ్నం 3:50)

అయ్యో. మా బాబాయి కూడా మొదట్లో అలాగే అడిగేవాడు, దాచను. పొగిడానని ఆయనేం దేవుడు కాదు. ఒకసారి ఒకావిడ మాట్లాడుతోంటే పక్కన భర్త అందిస్తున్నాడు, కాసేపయ్యాక ఫోనే లాక్కున్నాడు. ప్రశ్న ఆవిడది, గొంతు ఆయనది. ఆయనకేమో ఎరువు ఎన్ని రోజుల కిందట వేశారో తెలీదు, "ఏమే, ఎప్పుడేశాం?" అని లైవ్‌లో కేక. వెనకనుంచి ఆవిడ "వినాయక చవితి మర్నాడు" అంది. నేను ఫోన్ ఆవిడకివ్వమని అడిగాను. డ్యూటీ ఆఫీసర్ నవ్వుతా ఉన్నాడు, ఆరోజు రిపోర్టులో ఏమీ రాయలేదు.

ఆ తర్వాత బాబాయి "పొలం ఎవరు చూస్తారు?" అని అడగటం మొదలెట్టాడు. చూసేవాళ్ళకే లైన్.

టిప్పగాలి (సాయంత్రం 6:05)

పంటల గోల అయ్యాక నాది. మాది సముద్రం పక్క, కాట్రేనికోన వైపు. 1996 నవంబర్ 6, పెద్ద తుఫాను వచ్చిన రోజు. నాకప్పుడు 11 ఏళ్ళు. మా మావయ్య వేటకెళ్ళే మనిషి, ఆయనకి రేడియో అంటే పాటలు కాదు, కాకినాడ పోర్టులో ఎన్నో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారన్నదే. ఆ సాయంత్రం రేడియోని ప్లాస్టిక్ సంచీలో చుట్టి, మూతి దారంతో కట్టి, గుడి మెట్ల మీద మా అందర్నీ కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. సంచీలోంచే వినేవాళ్ళం. కరెంటు పోయింది, కొబ్బరిచెట్లు విరుగుతుంటే తుపాకీ పేల్చినట్టు ఉండేది. ఆ గొంతు మాత్రం ఏమీ కంగారు లేకుండా చదువుతానే ఉంది, తీరం దాటుతుందని, బయటికి రావద్దని. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఎంతమంది పోయారో మీకు తెలుసు.

మావయ్యకి ఇప్పుడు 70 దాటాయి. మనవలు సెల్‌లో తుఫాను మ్యాప్ రంగులు చూపిస్తే చూస్తాడు, "బాగుంది" అంటాడు, వెళ్ళి రేడియో పెట్టుకుంటాడు.

పంటురేవు (సాయంత్రం 6:30)

2022 జులై వరదలప్పుడు మా లంకలో మూడు రోజులు కరెంటు లేదు, రెండోరోజు సెల్ సిగ్నలూ పోయింది. ధవళేశ్వరంలో గోదావరి బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, మూడోది 17.75కి ఇస్తారు కదా, 17 లక్షల క్యూసెక్కులకే మూడోది, ఆ ఏడు 25 లక్షలు దాటింది. మా తాతకి ఈ అంకెలన్నీ నోటికే. బ్యారేజీ దగ్గర ఎంతుందో రేడియోలో చెప్పగానే అది మా ఇంటికి ఎన్ని గంటలకి వస్తుందో లెక్కేసి గేదెల్ని ఎప్పుడు ఏటిగట్టు ఎక్కించాలో చెప్పేవాడు. అప్పుడు ఒకాయన ఎవరో రేడియోకి ఫోన్ చేసి "మా లంకకి పడవ రాలేదు" అని ఊరి పేరు చెప్పాడు. అది మా ఊరు కాదు, పక్కది. కానీ ఆ పేరు రేడియోలో వినపడగానే మా అమ్మ ఏడ్చేసింది, ఎందుకో ఇప్పటికీ తెలీదు.

వైఫై వీరుడు (సాయంత్రం 6:47)

నేనేం మాట్లాడను ఇంక. మా ఇంట్లో అటక మీద పాత సెట్టు ఒకటుంది, సోల్డరింగ్ అన్నా, తేనా?

సోల్డరింగ్ ఐరన్ (సాయంత్రం 7:00)

ముందు అట్టే తిప్పి చూడు.

దాళ్వా మామ (సాయంత్రం 7:20)

అక్కా, ఇంత తెలిసినవారు, చివరికి ఈ అబ్బాయికి లైన్ ఎలా దొరుకుద్దో చెప్పలేదు.

క్యాజువల్ 6 (రాత్రి 8:10)

ముందుగా కొట్టమని మీరు చెప్పింది కరెక్టే. నేను ఇంకోటి కలుపుతాను. ఎత్తగానే కథ మొదలుపెట్టకండి. ఊరు, పంట, వయసు, ఎన్ని మొక్కలు, ఎన్నాళ్ళ నుంచి. ఇది చెప్పినవాణ్ణి ముందు పంపుతారు, ఎందుకంటే నిపుణుడికి సగం పని అయిపోయినట్టే. కబుర్లు చెప్పేవాళ్ళని ఆఖరికి పెడతారు, ఆఖర్లో టైం ఉండదు. ఫోన్ చేసేటప్పుడు వీలైతే మొక్క దగ్గరే నిలబడండి. సైంటిస్టు గారి పేరు ముందు మూడు "గౌరవనీయులు" పెట్టకండి, ఒకటి చాలు.

కొబ్బరిపీచు (తర్వాతి శనివారం, రాత్రి 9:15)

దొరికిందండీ లైన్!!

పావుగంట ముందు కొట్టాను, రెండో రింగుకే ఎత్తారు. మగ గొంతు, కొంచెం పెద్దాయనే. అక్క చెప్పినట్టే గడగడా చెప్పేశాను, అంబాజీపేట దగ్గర, కొబ్బరి, మూడేళ్ళవి, 22 మొక్కలు, మొవ్వాకు కత్తెరేసినట్టు, రెండిటికి మొవ్వు వాలింది, నెలన్నర నుంచి. ఆయన రాసుకుంటున్నట్టు కాగితం చప్పుడు వినపడింది. తర్వాత అడిగాడు, "పెంటకుప్ప ఎంత దూరం?"

నాకు అర్థం కాలేదు. పశువుల పెంటండి, తోటకి ఆ చివర్న, పది అడుగులు ఉంటుందేమో అన్నాను. "ఎప్పుడన్నా తిరగేశారా?" లేదండి, రెండేళ్ళయ్యింది. "సరే, లైన్లో ఉండండి" అని నవ్వాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, నాన్న పక్కనే ఉన్నాడు. ఆ ముక్క వినటం వినటం గునపం తీసుకుని వెళ్ళిపోయాడు. మూడు వారాల నుంచి సైంటిస్టు చెప్తేనే అని కూర్చున్న మనిషి!

తర్వాత లైవ్‌లోకి వెళ్ళాను. ఎన్నిసార్లు "అండి" అన్నానో మా చెల్లి లెక్కెట్టింది, చెప్పను. సైంటిస్టు గారు కొమ్ము పురుగు అన్నారు. ఇనుప చువ్వతో మొవ్వులోంచి లాగెయ్యాలట, వేపపిండి ఇసుక కలిపి మట్టల మొదళ్ళలో వెయ్యాలట, పురుగుల్ని వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్ట పెట్టాలట, పురుగు పిల్లలు పుట్టేది పెంటకుప్పలో కాబట్టి అది తిరగేసి ఏరెయ్యాలి, మెటారైజియం అని ఒక బూజు ఉంటుంది, అది పెంటలో కలిపితే పిల్లల్ని చంపుతుందట. అలాగే వదిలేస్తే పురుగు చేసిన గాయాల్లోకి ఎర్రముక్కు పురుగు దిగుద్దట, అది దిగితే చెట్టే పోద్దని గట్టిగా చెప్పారు. యూట్యూబ్ ఆయన పంపిన మందు పేరు చెప్తే "అది దీనికి కాదు" అన్నారు, అంతే, ఇంకేం అనలేదు.

నేను మాట్లాడింది నాన్న వినలేదు. కుప్ప దగ్గర ఉన్నాడు.

దాళ్వా మామ (రాత్రి 9:22)

ఎన్ని దొరికాయి?

కొబ్బరిపీచు (రాత్రి 9:30)

బొటనవేలంత లావు, తెల్లవి, తల ఎర్రది. చీకటి పడేవరకు ఏరాడు, 63. బకెట్లో తెచ్చి కోళ్ళకి పోశాడు. కోళ్ళు ఇంకా గూట్లోకి వెళ్ళలేదు.